పునీత రొసెందో: ఇంత అధికారం ఉన్నవాడు పునీతుడెలా అయ్యాడు?

కొండవీటి_చదువరి
మా విచారణలో (మా చర్చి పరిధిలో) పిల్లలకు ఆదివారాలు జ్ఞానోపదేశం చెబుతూ ఉంటాను. మార్చి 1న పండుగ ఉన్న పునీతుల గురించి చెప్పవలసి వచ్చి, స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాకు చెందిన పునీత రొసెందో పేరు ఎంచుకున్నాను. మన తెలుగులో దొరికే చిన్న పుస్తకాల్లో ఇలాంటివారికి ఇచ్చేది రెండే రెండు వాక్యాలు: ‘గొప్ప భక్తుడు, అద్భుతాలు చేసినవాడు’. ఆ రెండు వాక్యాలు చదివి వినిపించగానే ఒక అమ్మాయి లేచి, ‘ఇంతకీ ఆయన ఏం చేశాడు టీచర్?’ అని అడిగింది. సమాధానం వెతుకుతూ వెళ్ళిన కొద్దీ నాకే సందేహాలు ఎక్కువయ్యాయి. ఆయన రాజబంధువు. పద్దెనిమిదేళ్ళకే మేత్రాసనం (బిషప్ పీఠం) దక్కింది. రాజు తరఫున పాలన చేశాడు, నార్మన్ల (ఓడల మీద వచ్చే వైకింగుల) దండయాత్ర వచ్చినప్పుడు దేశరక్షణ బాధ్యత మోశాడు. ఇవన్నీ ఒక సామంతుడి లక్షణాల్లాగా ఉన్నాయి కానీ ఒక పునీతుడి లక్షణాల్లాగా లేవు. ఆయన జీవితంలో నిజంగా నిలబడేది ఏమిటో తెలిసినవారు చెప్పగలరా? అద్భుతాల పట్టిక ఇప్పటికే నా దగ్గర ఉంది. నేను అడుగుతున్నది ఆ మనిషి గురించి.

పాతపత్రాలు
ముందుగా ఆయన జీవితరేఖ చూద్దాం, అప్పుడే చర్చకు ఒక నేల ఏర్పడుతుంది. రొసెందో 907లో పుట్టాడు. తండ్రి గుతియెర్ మెనెందెస్ గలీసియాలో పెద్ద ప్రభువు, తల్లి ఇల్దువారా. తండ్రి సోదరి ఎల్వీరా రెండవ ఓర్దోన్యో రాజుకు భార్య కావడంతో, తర్వాతి తరంలో, గలీసియా కూడా భాగమైన లెయోన్ రాజ్యపు సింహాసనం ఎక్కిన నాలుగవ అల్ఫోన్సో, రెండవ రమీరో ఇద్దరూ రొసెందోకు మేనత్త కొడుకులయ్యారు. 925లో మొందొన్యేదో పీఠానికి మేత్రాణి అయ్యాడు. 936లో సెలనోవా మఠానికి పునాది వేశాడు. 942లో దానికి విస్తారమైన దానపత్రం రాసి ఇచ్చాడు. 950 నాటికి పీఠాన్ని విడిచిపెట్టాడు. 955లో మూడవ ఓర్దోన్యో రాజు, ఒకప్పుడు ఆయన తండ్రి ఏలిన ప్రాంతాల పాలనను ఆయనకు అప్పగించాడు. 959లో మఠాధిపతి ఫ్రాంకిలా చనిపోయాక తానే సెలనోవా మఠాధిపతి అయ్యాడు. 968 తర్వాత ఇరియా–కొంపోస్తెలా (ఇప్పటి సాంతియాగో) పీఠం బాధ్యత కూడా మోసి, 977 మార్చి 1న సెలనోవాలో కన్నుమూశాడు.

ఈ వరుసలో ఒక విషయం గమనించండి. మఠం కట్టించింది తానే అయినా, మొదటి మఠాధిపతిగా తాను కూర్చోలేదు. సిల్ నది ఒడ్డున ఉన్న సాన్ ఎస్తేబాన్ మఠం నుంచి ఫ్రాంకిలాను పిలిపించి ఆ స్థానంలో కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మఠానికి పెద్ద ఫ్రాంకిలాయే.

నిక్కచ్చి
పాతపత్రాలు గారు ఇచ్చిన వరుసలోనే నా అభ్యంతరం కూడా ఉంది. మేనత్త రాణి, ఆమె కొడుకులు రాజులు, మఠం నిలబడిన స్థలం తమ్ముడు ఫ్రోయిలా ఇచ్చినది, వెండి సామగ్రి, పశువులు తల్లి ఇచ్చినవి. ఇది ఒక సంపన్న కుటుంబం తన ఆస్తిని ఒక మఠం పేరున భద్రపరచుకున్న కథ కాదా? ఆ కాలంలో ఐరోపా అంతటా ప్రభు కుటుంబాలు ఇదే పని చేశాయి. మఠానికి ఇచ్చిన భూమిని రాజు లాక్కోలేడు, దాయాదులు పంచుకోలేరు, చనిపోయినవారికి నిత్యం ప్రార్థనలు జరుగుతాయి. ఆ భూములు దున్నినవాళ్ళకు మాత్రం పండుగ రోజు అంటూ ఏదీ లేదు.

మరియతల్లి_తోట
నిక్కచ్చి గారు తల్లిని ఒక దాతగా మాత్రమే చూశారు, అది అన్యాయం. ఇల్దువారా కూడా గలీసియాలో పునీతురాలిగా గౌరవం పొందిన స్త్రీ. ఆమెకు పుట్టిన బిడ్డలు దక్కకుండా పోవడంతో ఇప్పటి పోర్చుగల్‌లోని మోంతే కోర్దోవా కొండ మీదున్న రక్షకుని గుడికి చెప్పులు లేకుండా ఎక్కి ప్రార్థించేదని, దేవదూత ఆమెకు కొడుకు పుడతాడని చెప్పాడని పాత జీవితకథ చెబుతుంది. బిడ్డ జ్ఞానస్నానం కోసం కొండపైకి తొట్టిని బండి మీద తీసుకువెళుతుంటే దారిలో బండి విరిగిపోయిందట, మళ్ళీ చూసేసరికి తొట్టి గుడిలో ఉందట. ఈ కథను చరిత్రగా తీసుకోమని నేను అనడం లేదు. బిడ్డలను పోగొట్టుకున్న ఒక తల్లి దుఃఖం వందల ఏళ్ళ పాటు జనం నోట నిలిచిందంటే, ఆ కుటుంబాన్ని జనం ఆస్తిపాస్తుల లెక్కల్లో మాత్రమే గుర్తుపెట్టుకోలేదని అర్థం. భర్త పోయాక ఆమె సెలనోవాకు దగ్గర్లోనే విలనోవాలో స్త్రీల మఠం స్థాపించి అక్కడే గడిపింది.

లిస్బన్_నుంచి
తోట గారు చెప్పిన కొండ సాంతో తీర్సో పట్టణం దగ్గర ఉంది, పోర్తో నుంచి రైల్లో వెళ్ళవచ్చు. నేను పోర్చుగల్ వచ్చిన కొత్తలో, ఇక్కడి మిత్రుడొకరు ‘సావ్ రొసెందో మా ఊరివాడు’ అని గట్టిగా చెప్పారు. తర్వాత గలీసియాలోని ఔరెన్సే నగరంలో ఒకరిని అడిగితే ‘సాన్ రొసెందో మావాడు, ఇందులో సందేహం ఎందుకు’ అన్నారు. ఇద్దరూ అంతే ప్రేమగా చెప్పారు కాబట్టి నేను ఇద్దరితోనూ ఏకీభవించి ఇంటికి వచ్చాను.

పాతపత్రాలు
అది సరైన పనే. 907 నాటికి పోర్చుగల్ అనే రాజ్యమే లేదు, అది 12వ శతాబ్దపు మాట. దూరో నదికి ఉత్తరాన ఉన్న నేలంతా అప్పటికి గలీసియాగానే చెప్పుకునేవారు, ఆ కుటుంబానికి ఆస్తులు కూడా ఇప్పటి సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి.

రాయీ_సున్నమూ
మనిషి గురించి అడిగారు కాబట్టి ఆయన కాలం నుంచి మనకు మిగిలిన ఒక కట్టడం గురించి చెబుతాను. ఇప్పుడు సెలనోవాలో కనిపించే పెద్ద మఠం చాలా తర్వాతి కాలంలో, ఎక్కువగా 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా కట్టినది. రొసెందో నడిచిన మఠం నేలమట్టమైపోయింది. అయితే ఆ పెద్ద దేవాలయం వెనుక తోటలో సాన్ మిగెల్ అనే చిన్న ప్రార్థనాలయం ఉంది, అది 10వ శతాబ్దపుదే.

వృత్తిరీత్యా కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను కాబట్టి దాన్ని చూసినప్పుడు ఎక్కువసేపు గోడల దగ్గరే నిలబడ్డాను. పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, ఎత్తు ఆరు మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లకు లోపే. ఇంత చిన్న చోటులోనే మూడు భాగాలున్నాయి: ముందు నిలబడే గది, మధ్యలో ఎత్తుగా లేచిన చతురస్రం, చివర బలిపీఠం కోసం ఒక మనిషి నిలబడడానికి సరిపోయే గుండ్రని అర. గ్రానైట్ దిమ్మెలను ఎంత నున్నగా చెక్కారంటే అతుకుల మధ్య వేలిగోరు పోదు. లోపలి కమానులు గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. దక్షిణ స్పెయిన్‌లోని కోర్దోబా మసీదులో కనిపించే కమానులకు ఇవి దగ్గరి చుట్టాలు. చూరు కింద బయటికి పొడుచుకు వచ్చిన రాతి మొనల మీద పువ్వుల చక్రాలు చెక్కారు. దక్షిణాన ఉన్న ముస్లిం రాజ్యంతో తరచూ పోరు సాగుతున్న కాలంలో, ఆ దక్షిణపు పనితనాన్ని ప్రార్థన చేసే గదిలోకి ఏ సంకోచమూ లేకుండా తెచ్చుకున్నారు.

నిక్కచ్చి
కట్టడం అద్భుతమే, అందులో నాకు పేచీ లేదు. కానీ దాని తలుపు మీద ఉన్న శాసనంలో పేరు ఫ్రోయిలాది కదా. తమ్ముడి కట్టడాన్ని అన్నగారి ఖాతాలో ఎందుకు వేయాలి?

రాయీ_సున్నమూ
ఆ శాసనం చదివితే ఎవరి ఖాతాలో వేయాలో అదే చెబుతుంది. ‘ఈ పనికి కర్తవు నీవేనని నమ్ముతున్నాము దేవా, ఇక్కడ ప్రార్థించే అందరి పాపాలను తుడిచివేయుము’ అని మొదలవుతుంది. తర్వాత అయోగ్యుడైన దాసుడు ఫ్రోయిలా, ఇది చదివే వారిని తన పేరు ప్రార్థనలో తలచుకోమని బతిమాలుకుంటాడు. ఆ ఫ్రోయిలా రొసెందో తమ్ముడేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. సెలనోవా ఒక్కరి పని కాదు, ఆ ఇంటివారంతా కలిసి చేసిన పని అనడానికి ఇదే సాక్ష్యం. మీరు మొదట చెప్పిన మాట ఇదే, కాకపోతే మీకు అందులో ఆస్తి కనిపించింది, నాకు ఆ బతిమాలుకోవడం కనిపిస్తోంది.

తీరరేఖ
నార్మన్ల విషయం ఇంకా ఎవరూ వివరంగా చెప్పలేదు. 966లో మొదటి సాంచో రాజు చనిపోయాక, ఐదేళ్ళ పిల్లవాడైన మూడవ రమీరో సింహాసనం ఎక్కాడు. పాలన ఆ పిల్లవాడి మేనత్త ఎల్వీరా చూసేది. ఈమె పైన చెప్పిన రాణి కాదు, ఒక మఠకన్య. ఇలాంటి బలహీన సమయంలో గుందెరేదో అనే నాయకుడి కింద నార్మన్ ఓడల దండు గలీసియా తీరంలో దిగింది. వంద ఓడలని పాత చరిత్రకారులు రాశారు. 968లో ఫోర్నెలోస్ దగ్గర వారిని ఎదుర్కొన్న కొంపోస్తెలా మేత్రాణి రెండవ సిస్నాందో బాణం తగిలి చనిపోయాడు. ఆ తర్వాత వారు ఊళ్ళు దోచుకుంటూ లోపలి కొండల దాకా వెళ్ళారు. పీఠం ఖాళీ, రాజు పసివాడు, తీరం మంటల్లో ఉంది. అరవై దాటిన రొసెందోను మఠం నుంచి మళ్ళీ బయటికి లాగినది ఈ పరిస్థితే. ‘కొందరు రథాలను, కొందరు గుర్రాలను నమ్ముకుంటారు, మేము ప్రభువు నామాన్ని నమ్ముకుంటాము’ అనే కీర్తన వాక్యాన్ని ఆయన దండుకు నినాదంగా ఇచ్చాడని సంప్రదాయం. చివరకు నార్మన్లను యుద్ధంలో ఓడించింది గలీసియా ప్రభువుల సైన్యం. రొసెందో కత్తి పట్టాడని నేను అనను, కానీ ఆ రోజుల్లో చెదిరిపోయిన జనాన్ని ఒకచోట నిలబెట్టడానికి అందరూ నమ్మే మనిషి ఒకరు కావాలి.

మరియతల్లి_తోట
సిస్నాందోతో క్రిస్మస్ రాత్రి జరిగిన సంఘటన కూడా చెప్పండి. నాకు ఆయన జీవితంలో అన్నింటికన్నా అదే ఇష్టం.

తీరరేఖ
కథ ఇది. సిస్నాందో మీద కోపంతో సాంచో రాజు అతన్ని ఖైదు చేయించి, ఆ పీఠాన్ని చూసుకోమని రొసెందోను నియమించాడు. రాజు పోగానే సిస్నాందో విడుదలై, క్రిస్మస్ రాత్రి రొసెందో నిద్రిస్తున్న చోటికి కత్తి దూసి వచ్చి, వెంటనే వెళ్ళిపొమ్మన్నాడు. రొసెందో ఎదురు చెప్పకుండా పీఠం విడిచి సెలనోవాకు వెళ్ళిపోయాడు. వెళుతూ, కత్తి పట్టినవాడు కత్తితోనే పోతాడన్న ప్రభువు మాటను గుర్తుచేశాడంటారు. తర్వాత ఫోర్నెలోస్‌లో జరిగింది పైన రాశాను.

పాతపత్రాలు
ఈ కథను పిల్లలకు చెప్పేముందు ఒక జాగ్రత్త అవసరం. ఇది మనకు దొరికేది ఆ సంఘటనలు జరిగి నూరేళ్ళు దాటిన తర్వాత కొంపోస్తెలాలో రాసిన వృత్తాంతాల్లో. అప్పటికి సిస్నాందోను చెడ్డవాడిగా, అతని చావును శిక్షగా చూపించవలసిన అవసరం రాసినవారికి ఉంది. సిస్నాందో తన పీఠం కోసం, తన ఊరి కోసం పోరాడుతూ చనిపోయాడన్న సంగతిని ఆ కథ పూర్తిగా మింగేసింది. రొసెందో గొప్పతనం చూపించడానికి ఇంకొక మనిషిని అంత చిన్నవాడిని చేయనక్కరలేదు.

నిక్కచ్చి
ఈ విషయంలో పాతపత్రాలు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

మరియతల్లి_తోట
సిస్నాందో గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయినా ఎదురు తిరగకుండా లేచి వెళ్ళిపోయిన మనిషిని ఆ కథ జ్ఞాపకం ఉంచుకుంది. ఆ వెళ్ళిపోవడం ఆయన మిగతా జీవితంతో సరిపోతుంది కాబట్టే జనం దాన్ని నమ్మారు.

ఏటిగట్టు
నన్ను ఆకట్టుకున్నది కావెయిరో కథ. గలీసియా ఉత్తరాన ఎయుమే నది మీద దట్టమైన అడవిలో, కొండ అంచున కావెయిరో మఠం ఉంది. ఒక రోజు కుండపోత వాన చూసి రొసెందో ‘ఎంత పాడు వాతావరణం!’ అని విసుక్కున్నాడట. వెంటనే, దేవుడు పంపిన వానను నిందించానే అని సిగ్గుపడి, తన వేలి ఉంగరం తీసి నదిలోకి విసిరేశాడట. ఏళ్ళు గడిచాక మఠం వంటవాడు ఒక చేపను కోస్తుంటే దాని కడుపులో ఆ ఉంగరం దొరికింది. మనకు శకుంతల ఉంగరం తెలుసు కాబట్టి ఈ కథ వినగానే పరిచయమైన మనిషిని చూసినట్టు ఉంటుంది. అక్కడ ఉంగరం దొరికితే మరచిన ప్రేమ తిరిగి వస్తుంది. ఇక్కడ ఉంగరం దొరికితే క్షమాపణ దొరికినట్టు. వాన ఆగని దేశంలో వానను తిట్టడం పాపమని చెప్పే కథ పుట్టడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. కొండవీటి చదువరి గారి తరగతిలో ఆ అమ్మాయికి ఈ కథ తప్పక నచ్చుతుంది.

అరవైనాలుగు_గళ్ళు
చదరంగం ఆడేవారికి ఆయన పేరు మరో దారిలో తెలుసు. ఔరెన్సే ప్రధాన దేవాలయపు సంగ్రహాలయంలో స్ఫటికంతో చేసిన చదరంగం పావులున్నాయి, వాటిని ‘సాన్ రొసెందో చదరంగం’ అనే పిలుస్తారు. సెలనోవా మఠం నిధి నుంచి అక్కడికి చేరాయి. మనుషుల రూపం, గుర్రపు తల ఏమీ ఉండవు, నున్నని గుండ్రని ఆకారాల మీద మెలికలు తిరిగిన ఆకుల చెక్కడం ఉంటుంది. ఇది ఇస్లామిక్ పనితనం. రొసెందో వాటితో ఆడాడని చెప్పడానికి ఆధారమేమీ లేదు, పేరు సంప్రదాయం ఇచ్చినది మాత్రమే. కానీ మన దేశంలో పుట్టిన ఆట పర్షియా, అరబ్బు నేలల మీదుగా ప్రయాణించి, ఐరోపా పడమటి చివర ఒక క్రైస్తవ మఠంలో పవిత్ర వస్తువుల మధ్య స్థానం సంపాదించుకుందంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

రాయీ_సున్నమూ
సాన్ మిగెల్ కమానుల గురించి నేను పైన చెప్పిన మాటకు ఇది తోడు. ఆ మఠం దక్షిణానికి తలుపులు మూసుకుని బతకలేదు.

నిక్కచ్చి
తలుపులు తెరిచి ఉన్నాయి సరే, ఆ తలుపుల గుండా వచ్చినవారిలో బానిసలూ ఉన్నారని మరచిపోకూడదు. సరిహద్దు యుద్ధాల్లో పట్టుబడిన ముస్లింలు ఆనాటి గలీసియా ప్రభువుల ఇళ్ళల్లో, మఠాల్లో పనిచేశారు. సెలనోవా పత్రాల్లోనే మఠానికి తరతరాలుగా సేవ చేయవలసిన కుటుంబాల ప్రస్తావన కనిపిస్తుంది. వంటశాలలో రొట్టె కాల్చిన మనిషికి, దానపత్రంలో వెండి గిన్నె పక్కన రాసిన పశువుకు మధ్య తేడా ఎంత ఉంది? ఇది చెప్పకుండా పునీతుడి కథ చెబితే సగం కథే చెప్పినట్టు.

పాతపత్రాలు
ఈ మాట చెప్పి తీరాలి, నేను దాన్ని తగ్గించను. ఆ పత్రాలు మన దాకా రావడం కూడా ఒక విశేషమే. 12వ శతాబ్దంలో మఠంవారు తమ దానపత్రాలన్నిటినీ ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించుకున్నారు, అది ఇప్పుడు మద్రీద్‌లోని జాతీయ చారిత్రక భాండాగారంలో ఉంది. 10వ శతాబ్దపు గలీసియాలో ఎవరు ఏ భూమి అమ్మారు, ఎవరు ఎవరితో వ్యాజ్యం వేసుకున్నారు, ఎవరికి ఎన్ని గుర్రాలున్నాయి అన్నవి మనకు తెలిసేది ప్రధానంగా అలాంటి పుస్తకాల వల్లనే. పునీతుడి పేరు చెప్పి మఠం తన ఆస్తిని కాపాడుకోవాలనుకుంది, ఆ ప్రయత్నంలోనే పేదల పేర్లు కూడా మిగిలాయి. 942 దానపత్రంలో భూములు, వెండి పాత్రలు, పట్టు వస్త్రాలతో పాటు పుస్తకాలూ ఉన్నాయి. పుస్తకం అంటే మందల మందల గొర్రెల తోలు, ఏళ్ళ తరబడి చేతిరాత. అలాంటివాటిని కొండల మధ్య ఒక కొత్త మఠానికి ఇవ్వడం చిన్న నిర్ణయం కాదు.

విచారణ_గురువు
కొండవీటి చదువరి గారి అసలు ప్రశ్న ‘పునీతుడెలా అయ్యాడు’ అన్నది. దానికి చరిత్ర ప్రకారం సూటి సమాధానం ఉంది. ఆయన చనిపోయిన వెంటనే సమాధి దగ్గర జనం చేరడం మొదలైంది, 12వ శతాబ్దంలో మఠవాసులు ఆయన జీవితాన్ని, సమాధి దగ్గర జరిగిన అద్భుతాలను రాసిపెట్టారు. 1172లో పోపుగారి ప్రతినిధిగా స్పెయిన్‌లో ఉన్న కార్డినల్ జాసింతో ఆయన గౌరవానికి అనుమతి ఇచ్చాడు. ఆ జాసింతోనే 1191లో ముదిమి వయసులో మూడవ సెలెస్టీన్ అనే పేరుతో పోపు అయి, 1195లో ఆ గౌరవాన్ని తిరుసభ (కతోలిక చర్చి) అంతటికీ ధ్రువపరిచాడు. పునీత పట్టం ఇచ్చే అధికారం క్రమంగా రోమ్ చేతిలోకి వస్తున్న కాలం అది. ప్రతినిధిగా ఇచ్చిన మాటను పోపుగా తానే మరింత బలంగా రాసి ఇవ్వడం అరుదైన సంఘటన.

ఇక మీ సందేహం. అధికారం ఉన్నవాడు పునీతుడు కాకూడదని తిరుసభ ఎప్పుడూ చెప్పలేదు. అధికారాన్ని ఎలా పట్టుకున్నాడు, ఎలా వదిలాడు అన్నదే చూస్తుంది. మొందొన్యేదో పీఠం ఆయనను ఎవరూ దిగమనకుండానే వదిలాడు. తాను కట్టిన మఠంలో ఇంకొకరి మాట వింటూ ఏళ్ళు గడిపాడు. పాలన చేయమని అడిగినప్పుడు బయటికి వచ్చి, పని అయ్యాక మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

నిక్కచ్చి
గురువుగారి చివరి పేరా నన్ను ఆలోచింపజేసింది. వదిలిన పీఠం బంధువుల చేతికే వెళ్ళిందని గుర్తుచేస్తాను, అయినా ఫ్రాంకిలా కింద ఉన్న ఏళ్ళకు నా దగ్గర ఎదురు వాదన లేదు. అంత కుటుంబబలం ఉన్న మనిషి సొంత మఠంలో రెండో స్థానంలో ఉండడం ఆ కాలపు ప్రభువుల్లో సామాన్యం కాదు. బానిసల విషయంలో నా మాట మాత్రం అక్కడే ఉంది.

కొండవీటి_చదువరి
ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఉంగరం కథతో మొదలుపెట్టి, సాన్ మిగెల్ తలుపు మీది ప్రార్థన చదివి వినిపిస్తాను, ఆ తర్వాత నిక్కచ్చి గారు అడిగిన రొట్టెలు కాల్చిన మనుషుల గురించి కూడా చెబుతాను. పదేళ్ళ పిల్లలు దాన్ని తట్టుకోగలరని నాకు నమ్మకం ఉంది. మా అన్నయ్య కుటుంబం ఈ వేసవిలో సాంతియాగోకు కాలినడకన తీర్థయాత్ర వెళుతున్నారు. వారి దారిలో సెలనోవా తగులుతుందా? ఆయన అవశేషాలు ఇంకా అక్కడే ఉన్నాయా?

లిస్బన్_నుంచి
పోర్తో నుంచి తుయ్ మీదుగా వెళ్ళే మామూలు దారిలో అయితే తగలదు. దక్షిణ స్పెయిన్ వైపు నుంచి ఔరెన్సే మీదుగా వెళ్ళేవారికి దగ్గర పడుతుంది, ఔరెన్సే నుంచి దాదాపు 25 కిలోమీటర్లు. చదరంగం పావులు ఔరెన్సేలోనే చూసుకుని, ఒక పూట ఆగి బస్సులో సెలనోవా వెళ్ళి రావచ్చు.

రాయీ_సున్నమూ
అవశేషాలు అక్కడే ఉన్నాయి. మఠం దేవాలయంలో ప్రధాన బలిపీఠం దగ్గర రెండు వెండి పేటికలు కనిపిస్తాయి, ఒకటి రొసెందోది, రెండోది పునీత తోర్కువాతోది. 1835లో ప్రభుత్వం మఠాలను మూయించినప్పుడు సన్యాసులు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ భవనంలో పురపాలక కార్యాలయం, పాఠశాల ఉన్నాయి, పిల్లలు ఆ ప్రాంగణాల్లో తిరుగుతూ ఉంటారు. సాన్ మిగెల్ మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు తెరిచి ఉండదు. మీ అన్నయ్యగారిని మఠం దగ్గరి పర్యాటక కార్యాలయంలో ముందుగా అడిగి, మార్గదర్శి వెంట వెళ్ళమనండి. లోపలికి ఒకేసారి ఎక్కువమంది పట్టరు కాబట్టి, ఉదయం మొదటి బృందంతో వెళితే గోడలు తీరికగా చూడవచ్చు.